స్టాండింగ్ డెస్క్, ట్రెడ్‌మిల్ డెస్క్: తరచుగా అడిగే ప్రశ్నలు

పరీక్షలకు చదివేవాళ్ల కోసం, ఇంట్లోనో ఆఫీసులోనో రోజుకు ఎనిమిది గంటలు కంప్యూటర్ ముందు గడిపేవాళ్ల కోసం. నిలబడి పనిచేయడానికి వీలుగా ఎత్తు పెంచుకునే బల్ల స్టాండింగ్ డెస్క్; దాని కింద నడక యంత్రం పెడితే ట్రెడ్‌మిల్ డెస్క్. అలాంటి బల్ల కొనాలా వద్దా అనే దగ్గర మొదలుపెట్టి, నడక యంత్రం బెల్ట్‌కు నూనె వేయడం దాకా.

నిలబడి పనిచేస్తే బరువు తగ్గుతామా?

ఆ ఆశతో మాత్రం కొనకండి. 2018లో వచ్చిన ఒక సమీక్ష 46 పరిశోధనలను కలిపి లెక్క కట్టింది. కూర్చున్నప్పటికంటే నిలబడినప్పుడు అదనంగా ఖర్చయ్యేది నిమిషానికి 0.15 క్యాలరీ. అంటే 65 కిలోల మనిషి రోజుకు ఆరు గంటలు నిలబడితే 54 క్యాలరీలు. ఒక్క ఇడ్లీతో చెల్లు.

నడక సంగతి వేరు. మేయో క్లినిక్‌కు చెందిన జేమ్స్ లెవిన్ బృందం 2007లో ప్రచురించిన కొలతల ప్రకారం, గంటకు 1.8 కిలోమీటర్ల వేగంతో నడుస్తూ పనిచేస్తే, కూర్చుని చేసినదానికంటే గంటకు సగటున 119 క్యాలరీలు ఎక్కువ ఖర్చయ్యాయి. అయితే వాళ్లు కొలిచింది ఊబకాయం ఉన్నవాళ్లను. బక్కపలచని మనిషికి అంత రాదు.

బరువు తగ్గనప్పుడు ఇక ఎందుకు?

గంటల తరబడి ఒకే భంగిమలో ఉండిపోకుండా ఉండటానికి. మెడ, భుజాలు, నడుము పట్టేసే బాధ చాలామందికి ఇలా మారుతూ ఉంటే తగ్గుతుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత వచ్చే కునుకు కూడా. షుగర్ విషయంలో నిలబడటం కంటే నడకకే బలం ఎక్కువ. 2023లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు 11 మంది మీద చేసిన చిన్న ప్రయోగంలో, ప్రతి అరగంటకు ఐదు నిమిషాలు నడిచిన రోజున భోజనం తర్వాతి షుగర్ పెరుగుదల, రోజంతా కూర్చున్న రోజుతో పోలిస్తే 58 శాతం తగ్గింది. పదకొండు మంది చాలా తక్కువ, ఆ అంకెను శిలాశాసనంగా తీసుకోకండి. కానీ తిన్నాక నాలుగడుగులు వేయమని పెద్దవాళ్లు చెప్పేదీ అదే దారి.

అయితే రోజంతా నిలబడితే ఇంకా మంచిదేగా?

కాదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కొత్త బల్ల వచ్చిన ఉత్సాహంలో మొదటి రోజే నాలుగు గంటలు నిలబడతారు, మూడో రోజుకు మడమలు పీకుతాయి, నెలకల్లా ఆ బల్ల మామూలు బల్ల అయిపోతుంది. సిడ్నీ యూనివర్సిటీ పరిశోధకులు 2024లో 83 వేల మంది బ్రిటన్ వాసుల వివరాలు చూశారు. ఎక్కువసేపు నిలబడటం వల్ల గుండెకు ప్రత్యేకంగా మేలేమీ కనపడలేదు. పైగా రోజుకు రెండు గంటలు దాటాక, ప్రతి అదనపు అరగంటకు సిరలు ఉబ్బడం లాంటి రక్తప్రసరణ సమస్యల ముప్పు 11 శాతం చొప్పున పెరిగింది. కదలకుండా నిలబడితే పిక్కల కండరాలు రక్తాన్ని పైకి నెట్టవు. అది కాళ్లలోనే నిలిచిపోతుంది. ట్రాఫిక్ కానిస్టేబుళ్లు, బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లు ఈ బాధ ఎరిగినవాళ్లే.

మరి ఎంతసేపు నిలబడాలి?

అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో ఎర్గనామిక్స్ (శరీరానికి తగ్గట్టు పనిచేసే చోటును అమర్చే శాస్త్రం) చెప్పిన అలన్ హెడ్జ్ సూచన తేలిగ్గా గుర్తుంటుంది: ప్రతి అరగంటలో 20 నిమిషాలు కూర్చోవడం, 8 నిమిషాలు నిలబడటం, 2 నిమిషాలు కదలడం. ప్రతి అరగంటకూ బల్ల పైకి లేపి, కిందకు దించడం విసుగనిపిస్తే గంటలో 15 నిమిషాలు నిలబడండి. మొదటి వారం రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట చాలు. రెండో వారం నుంచి వారానికి ఐదు నిమిషాల చొప్పున ఒక్కో విడత పెంచుకుంటూ పోతే నెలకల్లా రోజుకు రెండు గంటలు పెద్ద కష్టం లేకుండా వస్తాయి. మేం అక్కడే ఆగమంటాం. మిగతా సమయంలో నడక కలపండి.

ఫోన్‌లో అలారం పెట్టుకుంటే రెండు రోజులు పనిచేస్తుంది, మూడో రోజు నుంచి చెయ్యి దానంతటదే ఆపేస్తుంది. పనికే ముడిపెట్టండి: ఫోన్ వస్తే లేవడం, ఒక చాప్టర్ అయితే లేవడం, మంచినీళ్లు తాగినప్పుడల్లా లేవడం.

బల్ల ఎత్తు ఎంత ఉండాలి?

నిటారుగా నిలబడి, భుజాలు వదులుగా వదిలి, మోచేతులు 90 డిగ్రీలు వంచండి. నేల నుంచి మోచేయి దాకా టేపుతో ఇంకొకరిని కొలవమనండి. కీబోర్డు ఆ ఎత్తులోనో, రెండు మూడు సెంటీమీటర్లు కిందో ఉండాలి. వట్టి కాళ్లతో నిలబడితే సుమారు లెక్క ఇది:

5 అడుగుల మనిషికి 94–96 సెం.మీ.
5 అడుగుల 3 అంగుళాలకు 98–101
5 అడుగుల 6 అంగుళాలకు 103–106
5 అడుగుల 9 అంగుళాలకు 107–110
6 అడుగులకు 112–115

చెప్పులు వేసుకుంటే వాటి మందం, మ్యాట్ వేసుకుంటే దాని మందం ఇందులో కలపాలి. బల్ల ఎత్తు ఎక్కువైతే భుజాలు చెవుల వైపు లేస్తాయి, సాయంత్రానికి మెడ రెండు పక్కలా రాయిలా బిగుస్తుంది. తక్కువైతే ముందుకు వంగుతారు, నొప్పి నడుములో తేలుతుంది. నొప్పి ఎక్కడ వస్తోందో చూస్తే తప్పు ఎటువైపో తెలిసిపోతుంది.

కూర్చునే ఎత్తు మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన ఇళ్లలో మామూలు టేబుల్ 75 సెం.మీ. ఉంటుంది. ఐదడుగుల అమ్మాయి కూర్చుంటే మోచేయి ఎత్తు 60–62 దగ్గర ఉంటుంది. అందుకే చాలామంది ఆడవాళ్లకు, పిల్లలకు మామూలు టేబుల్ మీదే భుజాలు నొప్పి. కుర్చీ ఎత్తు పెంచి కాళ్ల కింద పీట వేస్తే సరిపోతుంది, కొత్త బల్ల అక్కర్లేదు.

కొనకుండా ఇంట్లో ఉన్నవాటితో సర్దుకోవచ్చా?

ముందు అదే చేయండి. రెండు వారాలు అలా గడిచాక కూడా నిలబడుతూనే ఉంటే అప్పుడు కొనండి.

75 సెం.మీ. టేబుల్ మీద 25–30 సెం.మీ. ఎత్తున్న గట్టి స్టూల్ పెడితే 100–105 వస్తుంది, సగటు ఎత్తు మనిషికి సరిగ్గా సరిపోతుంది. స్టూల్ పైభాగం కనీసం 45 సెం.మీ. వెడల్పు ఉండాలి, లేకపోతే కీబోర్డు పక్కన మౌస్‌కు చోటు చాలదు. స్టూల్ కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టండి. సన్‌మైకా మీద చెక్క కాళ్లు ఇట్టే జారతాయి. అట్టపెట్టెలు, పుస్తకాల దొంతర వద్దు. మోచేయి ఆనించిన రోజు ల్యాప్‌టాప్‌తో సహా కిందకొస్తాయి.

పుస్తకం చదవడానికైతే ఇంకా తేలిక. ఇంట్లో పారాయణకు వాడే వ్యాసపీఠం ఉంటే ఎత్తు టేబుల్ మీద పెట్టండి. పుస్తకం వాలుగా నిలబడుతుంది, మెడ వంచక్కర్లేదు.

వంటగట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుంటే?

మన వంటగట్లు సాధారణంగా 80–86 సెం.మీ. ఎత్తు. ఐదడుగులవాళ్లకే తక్కువ. నీళ్లు, స్టవ్ పక్కనే ఉంటాయి కూడా. వద్దు.

స్క్రీన్ ఎక్కడ ఉండాలి?

పై అంచు కళ్ల ఎత్తులోనో కాస్త దిగువనో, ముఖానికి చేయి చాచినంత దూరంలో (50–70 సెం.మీ.). ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు (దూరం, దగ్గర చూపు ఒకే అద్దంలో ఉండేవి) వాడేవాళ్లు ఇంకో ఐదారు సెంటీమీటర్లు దించుకోవాలి. లేకపోతే కింది భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తుతూ ఉంటారు. ల్యాప్‌టాప్ ఒక్కదానితో ఈ రెండు కొలతలూ ఎప్పటికీ కుదరవు: కీలు మోచేయి దగ్గరుంటే స్క్రీన్ బొడ్డు దగ్గరుంటుంది. విడి కీబోర్డు, మౌస్ తప్పనిసరి. డెస్క్ మీద పాతిక వేలు పెట్టి కీబోర్డు దగ్గర పొదుపు చేసేవాళ్లు చాలామంది కనిపిస్తారు.

గ్రూప్స్‌కో, నీట్‌కో చదువుతున్నాను. ఏవి నిలబడి చదవాలి?

మొదటిసారి చదివే కష్టమైన పాఠం, కాగితం మీద చేసే లెక్కలు, రేఖాచిత్రాలు కూర్చునే చేయండి. నిలబడి రాస్తే చెయ్యి త్వరగా అలసిపోతుంది. రాయాలంటే బల్ల టైపింగ్ ఎత్తుకంటే ఐదు సెంటీమీటర్లు పైకి ఉండి, 15–20 డిగ్రీల వాలు ఉండాలి. అదీ అరగంటకు మించి సాగదు.

రివిజన్, బిట్స్, కరెంట్ అఫైర్స్, వీడియో క్లాసులు నిలబడి చేయడానికి బాగా సరిపోతాయి. వల్లె వేసేవి, అంటే ఆర్టికల్స్, ఫార్ములాలు, సంవత్సరాలు, నడుస్తూ చదవండి. దానికి ట్రెడ్‌మిల్ ఎందుకు? డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ చదవడం మనకు కొత్త కాదు, అది ఉచితం, గాలి కూడా తగులుతుంది.

మాక్ టెస్టులు మాత్రం కుర్చీలోనే రాయండి. అసలు పరీక్షలో మూడు గంటలు కదలకుండా కూర్చోవాలి, ఆ అలవాటు పోగొట్టుకోకూడదు. రీడింగ్ రూముల్లో ఎత్తు బల్లలు దొరకవు కాబట్టి అక్కడ గంటకోసారి లేచి మెట్లు దిగి ఎక్కడం తప్ప మార్గం లేదు.

కాళ్లు, మడమలు నొప్పి పుడుతున్నాయి. ఏం చేయాలి?

ముందు నేల చూడండి. గ్రానైట్, మార్బుల్, టైల్స్ మీద వట్టి కాళ్లతో నిలబడితే నెల తిరక్కుండా మడమ నొప్పి వస్తుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే సూదితో పొడిచినట్టుంటే అది అరికాలి నరం కాదు, మడమ నుంచి వేళ్ల దాకా సాగే పట్టీలాంటి కణజాలం వాపు. ఇంట్లో వేసుకునే ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు దీనికి చవకైన మందు. నిలబడేటప్పుడు కాళ్ల కింద వేసుకునే యాంటీ ఫెటీగ్ మ్యాట్ కొంటే 2 సెం.మీ. మందం చూడండి. మరీ మెత్తగా కుంగిపోయేది కొంటే చీలమండలు అలసిపోతాయి. యోగా మ్యాట్‌ను నాలుగు మడతలు వేసినా పని జరుగుతుంది.

రెండోది, 10–15 సెం.మీ. ఎత్తు పీట. ఒక కాలు దాని మీద పెట్టి, ఐదు నిమిషాలకోసారి కాలు మార్చండి. నడుము మీద భారం తగ్గడం వెంటనే తెలుస్తుంది. మోకాళ్లను వెనక్కి బిగించి నిలబడకండి. అలా చాలాసేపు ఉంటే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లూ ఉన్నారు.

ఎవరు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు?

పిక్కల మీద సిరలు ఉబ్బి ఉన్నవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, గర్భిణులు, లేచి నిలబడితే కళ్లు తిరిగేవాళ్లు. షుగర్ వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు ఇంకో చిక్కు ఉంది: పుండు పడుతున్నా నొప్పి తెలియదు. వాళ్లు సాయంత్రం పూట అరికాళ్లు కళ్లతో చూసుకోవాలి, ట్రెడ్‌మిల్ మీద వట్టి కాళ్లతో అసలు నడవకూడదు.

ఎలక్ట్రిక్ డెస్క్ కొనేటప్పుడు ఏమేం చూడాలి?

కాళ్ల గొట్టాలు, అంటే ఒకదాంట్లోంచి ఒకటి పైకి జరిగేవి. రెండు అంచెలవి సాధారణంగా 71 నుంచి 118 సెం.మీ. దాకా జరుగుతాయి. మూడు అంచెలవి 60 నుంచి 125 దాకా. పొట్టివాళ్లకైనా, ఆరడుగులవాళ్లకైనా, ఒకే డెస్క్ ఇద్దరు వాడే ఇంట్లోనైనా మూడు అంచెలదే పనికొస్తుంది. ప్రకటనలో చెప్పే ఎత్తు పలకతో కలిపా, కలపకుండానా అడగండి. అక్కడే రెండున్నర సెంటీమీటర్ల తేడా వస్తుంది.

ఒక మోటారు డెస్క్ 60–70 కిలోల దాకా, రెండు మోటార్లది 100 కిలోలు పైబడి ఎత్తుతాయి. ఒక ల్యాప్‌టాప్, ఒక మానిటర్‌కు ఒక మోటారు చాలు. ట్రెడ్‌మిల్‌తో కలిపి వాడే ఆలోచన ఉంటే రెండు మోటార్లది తీసుకోండి. బరువు కోసం కాదు, పైకి లేచినప్పుడు ఊగకుండా ఉండటానికి. షోరూంలో చూస్తే డెస్క్‌ను మీ నిలబడే ఎత్తుకు లేపి, ముందు అంచు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. 75 సెం.మీ. దగ్గర ఏ డెస్క్ అయినా గట్టిగానే ఉంటుంది.

పలక విషయంలో ఒక సలహా. ఫ్రేమ్ మాత్రమే అమ్మేవాళ్ల దగ్గర అది కొని, పలక వడ్రంగి చేత చేయించుకుంటే చాలాసార్లు కలిసొస్తుంది. 120 × 60 సెం.మీ. కనీసం, 19 మి.మీ. ప్లైవుడ్, అంచులకు బీడింగ్. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో పార్టికల్ బోర్డు అంచులు తేమకు ఉబ్బి, స్క్రూలు వదులవుతాయి. ఫ్రేమ్‌ను బిగించే స్క్రూ పలకలోకి 15 మి.మీ. మించి దిగకూడదు. ముందుగా సన్న డ్రిల్‌తో 12 మి.మీ. లోతు రంధ్రం వేయమనండి, డ్రిల్ బిట్‌కు ఆ కొలత దగ్గర టేపు చుట్టిస్తే పైకి పొడుచుకు రాదు.

మధ్యలో కరెంట్ పోతే బల్ల కింద పడిపోతుందా?

పడదు. మోటారు ఆగిన చోటే గేర్లు పట్టుకుని ఉంటాయి. కరెంట్ వచ్చాక కొన్నిసార్లు డిస్‌ప్లే మీద ఎర్రర్ చూపిస్తుంది, లేదా పైకి వెళ్లనంటుంది. చాలా డెస్కుల్లో కిందికి బటన్‌ను బల్ల పూర్తిగా దిగేదాకా నొక్కి, వదిలి, మళ్లీ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే రీసెట్ అవుతుంది. ఒక కాలు ఎత్తుగా, ఒకటి దిగువగా మారినా ఇదే మందు. రీసెట్ చేసేముందు కింద కుర్చీ చేతులు, చెత్తబుట్ట లేకుండా చూడండి.

ఇంకోటి. పిల్లలు బటన్ దొరికింది కదా అని పైకీ కిందకీ ఆడిస్తే మోటారు వేడెక్కి ఆగిపోతుంది. రెండు నిమిషాలు నడిస్తే పద్దెనిమిది నిమిషాలు విశ్రాంతి అని చాలా మోటార్ల నిబంధన. చెడిపోలేదు, ఇరవై నిమిషాలు వదిలేయండి.

వైర్ల పొడవు మరిచిపోతుంటారు. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ను పలక అడుగునే బిగించి, గోడకు ఒకే వైర్ వెళ్లేలా చేసి, బల్ల పూర్తి ఎత్తులో ఉన్నప్పుడు ఆ వైర్ ఇంకా జానెడు వేలాడేలా వదలండి.

జిమ్‌లో వాడే ట్రెడ్‌మిల్‌నే బల్ల కింద పెట్టుకోవచ్చా?

ముందు పిడి, ప్యానెల్ అడ్డం వస్తాయి, అవి తీసేస్తే చాలావాటికి కంట్రోలే ఉండదు. బల్ల కిందికి వాకింగ్ ప్యాడ్ అని విడిగా దొరుకుతుంది: పిడి లేనిది, లేదా మడిచేది, రిమోట్‌తో నడిచేది, గంటకు 6 కి.మీ. మించనిది. బెల్ట్ వెడల్పు కనీసం 42 సెం.మీ., పొడవు 110 చూడండి. మీ బరువుకంటే 20 కిలోలు ఎక్కువ మోయగలదని రాసున్నదే కొనండి. మోటారు ఊపిరాడక ఆగేది బరువైన మనిషి నెమ్మదిగా నడిచినప్పుడే.

కొనేముందు ఒక కూడిక చేయాలి. ప్యాడ్ ఎత్తు 10–13 సెం.మీ. మీరు 5 అడుగుల 9 అంగుళాలైతే, నిలబడే ఎత్తు 108, ప్యాడ్ 12, మొత్తం 120. మీ డెస్క్ రెండు అంచెలదైతే 118 దగ్గర ఆగిపోతుంది. ప్యాడ్ ఇంటికొచ్చాక ఈ లెక్క తేలినవాళ్లు కీబోర్డు కింద పీట పెట్టుకుని గడుపుతున్నారు.

ఎంత వేగంతో నడవాలి?

టైపింగ్, మౌస్ పనికి గంటకు 1.5 నుంచి 2 కి.మీ. చదవడానికి, వినడానికి 2.5 నుంచి 3. అంతకుమించితే తల ఊగి అక్షరాలు నిలవవు. 2015లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు పరీక్షిస్తే నడుస్తూ టైప్ చేసినవాళ్ల వేగం నిమిషానికి 13 పదాలు తగ్గింది. కోడ్ రివ్యూ, ఈమెయిళ్లు, ట్రైనింగ్ వీడియోలు సరే. ఎక్సెల్‌లో జీతాల షీటు, డిజైన్ పని, జనం వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో (ప్రొడక్షన్‌లో) మార్పులు కూర్చునే చేయండి. మొదటి వారం పదిహేను నిమిషాలు చొప్పున రోజుకు రెండుసార్లు చాలు. దిగిన తర్వాత నేల కదులుతున్నట్టు అనిపిస్తే కంగారు వద్దు, ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది.

చీర కట్టుకునో, లుంగీతోనో నడవొచ్చా?

వద్దు. కుచ్చిళ్లు, చున్నీ, నైటీ అంచు, లుంగీ వెనక రోలర్‌లోకి పోతే లాగేస్తుంది. ప్యాంటు లేదా పైజమా, కాలికి పట్టి ఉండే బూట్లు. హవాయి చెప్పులు కూడా వద్దు, ముందు భాగం మడతపడి తూలతారు. సేఫ్టీ క్లిప్ (ఊడితే యంత్రం ఆగిపోయేది) ఇస్తే దుస్తులకు తగిలించుకోండి. వెనక గోడకు కనీసం రెండు మీటర్ల ఖాళీ వదలాలి.

పాకే పిల్లలున్న ఇంట్లో పని అయిపోగానే ప్లగ్ పీకి, ప్యాడ్ నిలబెట్టి కట్టేయండి. వేళ్లు నలిగేది వెనక రోలర్ దగ్గరే. అమెరికాలో ఆరేళ్ల చిన్నారి మరణం తర్వాత 2021 మేలో పెలోటన్ సంస్థ తన ట్రెడ్ ప్లస్ యంత్రాలను వెనక్కి తీసుకుంది.

నూనె ఎప్పుడు, ఏది వేయాలి? బెల్ట్ పక్కకు పోతోంది.

సిలికాన్ ఆయిల్ మాత్రమే. కొబ్బరి నూనె, కుట్టుమిషన్ నూనె, వంటనూనె వేస్తే బెల్ట్ అడుగు జిగటపడి దుమ్ము పట్టేస్తుంది. రోజుకు గంట నడిచేవాళ్లు నెలకోసారి, బెల్ట్ అంచు ఎత్తి రెండు పక్కలా కలిపి 10 మి.లీ. వేసి, 1 కి.మీ. వేగంతో మూడు నిమిషాలు ఖాళీగా తిప్పండి. వేసేముందు బెల్ట్ కింద చెయ్యి పెట్టి చూడండి, వేళ్లకు జిడ్డు తగిలితే ఇంకో వారం ఆగొచ్చు. ఎక్కువ వేస్తే బెల్ట్ జారుతుంది.

బెల్ట్ ఎడమకు జరిగితే వెనక ఎడమ బోల్టును అలెన్ కీతో గడియారం తిరిగే దిశలో పావు చుట్టు బిగించి, రెండు నిమిషాలు తిప్పి చూడండి. కుడికి జరిగితే కుడి బోల్టు. ఒకేసారి పూర్తి చుట్టు బిగిస్తే బెల్ట్ రెండో వైపు పోయి అంచు చీలుతుంది.

ఇన్వర్టర్ మీద నడుస్తుందా?

డెస్క్ నడుస్తుంది, అది వాడేది క్షణాలపాటే. వాకింగ్ ప్యాడ్‌ను ఇంటి ఇన్వర్టర్ లైన్‌కు కలపకండి, అడుగు వేసినప్పుడల్లా లోడ్ ఎగసి ట్రిప్ అవుతుంది. డెస్క్ గానీ ప్యాడ్ గానీ ముట్టుకున్నప్పుడు షాక్ చురుక్కుమంటే ముందు సాకెట్ ఎర్తింగ్ చూపించండి.

కింద ఫ్లాట్‌వాళ్లు గొడవ పెడుతున్నారు.

వాళ్లకు వినపడేది మోటారు కాదు, మీ అడుగుల దెబ్బ. 8–10 మి.మీ. రబ్బరు మ్యాట్, గది మధ్యలో కాకుండా బీమ్ దగ్గరగా, గోడ పక్కన పెట్టడం, వేగం తగ్గించడం. రాత్రి తొమ్మిది తర్వాత అమెరికా కాల్స్ నడుస్తూ మాట్లాడే అలవాటు మానుకోవాలి.

రోజూ పొద్దున గంట నడుస్తాను. నాకు ఇదంతా అవసరమా?

2016లో లాన్సెట్‌లో వచ్చిన, పది లక్షల మందికి పైగా వివరాలను కలిపిన విశ్లేషణ ప్రకారం, రోజుకు 60–75 నిమిషాలు చురుకైన నడకలాంటి వ్యాయామం చేసేవాళ్లలో ఎక్కువసేపు కూర్చోవడం వల్ల పెరిగే మరణ ముప్పు కనిపించలేదు. మీ గంట నడక చురుగ్గా సాగేదైతే గుండె కోసం డెస్క్ కొనక్కర్లేదు. నడుము, మెడ కోసం ఆలోచించండి.

ఆఫీసులో ఎలా అడగాలి?

నడుము నొప్పికి చూపించుకున్న డాక్టర్ చేత సిట్ స్టాండ్ డెస్క్ అవసరమని చీటీ రాయించుకుని, హెచ్‌ఆర్‌కూ ఫెసిలిటీస్‌కూ కలిపి మెయిల్ పెట్టండి. మొత్తం డెస్క్ ఇవ్వకపోతే టేబుల్ మీద పెట్టే కన్వర్టర్ అడగండి, దానికి త్వరగా ఒప్పుకుంటారు. అమెరికాలో ఉన్నవాళ్లు డాక్టర్ ఇచ్చే మెడికల్ నెసెసిటీ లెటర్ (వైద్యపరంగా అవసరమనే చీటీ) ఉంటే, వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే హెచ్‌ఎస్‌ఏ, ఎఫ్‌ఎస్‌ఏ ఖాతాల డబ్బుతో కొనుక్కునే వీలుందేమో తమ ప్లాన్ వాళ్లను అడగొచ్చు.

వాడిన వాకింగ్ ప్యాడ్ కొనొచ్చా?

కొనొచ్చు, చాలావాటి మీద నిండా పది గంటలు కూడా ఎవరూ నడిచి ఉండరు. ఎక్కి 1 కి.మీ. వేగంతో ఐదు నిమిషాలు నడవండి. అడుగు పడగానే బెల్ట్ క్షణం ఆగి సాగితే అది జారుతోంది, లేదా నూనె లేదు. కాలిన వాసన వస్తే వదిలేయండి. ఆపి, ప్లగ్ పీకి, బెల్ట్ అంచు ఎత్తి కింద చెక్క చూడండి. నల్లటి గీతలు, ఊడిన పూత ఉంటే చెక్క, బెల్ట్ రెండూ మార్చాలి, ఆ ఖర్చుతో కొత్తది వస్తుంది. రిమోట్ ఉందో లేదో అడగండి. చాలా మోడళ్లు అది లేకుండా కదలవు.